ఫొటో వెనక రాయనిది

జూన్ 3, బుధవారం

అత్తా,

నువ్వు వెళ్ళి మూడు రోజులయింది. నీ పిల్లి పార్సిలు క్షేమం, నేను క్షేమం, ఇల్లు నిలబడే ఉంది. ఈ మూడు ముక్కలతో ఉత్తరం ముగించేద్దును గానీ, ముప్ఫై ఆరేళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు విడగొట్టిన మనిషివి, పలచటి కవరు చేతికొస్తే ఊరుకోవు.

నీ ఫ్రిజ్ తలుపు మీద అంటించిన ఆజ్ఞలన్నీ చదివాను. పందొమ్మిది. నేనిప్పటికి పదకొండు ఇళ్ళలో పిల్లుల్ని చూసుకున్నాను. పళ్ళ డాక్టరమ్మ ఇంట్లో మూడు పిల్లులు, అందులో ఒకదానికి చూపు లేదు, అక్కడ కూడా ఆరే ఆజ్ఞలు. "పార్సిలుతో గట్టిగా మాట్లాడకు, నొచ్చుకుంటుంది" అట! అది నన్ను చూసే చూపు నువ్వు చూడాలి. నొచ్చుకోవాల్సింది నేను.

అన్నిటికంటే తొమ్మిదో ఆజ్ఞ అన్యాయం. "ఫోన్లో బొమ్మలు పంపొద్దు. అచ్చు వేయించి బుధవారం, శనివారం కవర్లో పెట్టు. ప్రతి ఫొటో వెనకా తారీఖు, వేళ, ఫొటోలో కనపడనిది ఒక్క ముక్క రాయి." లోకంలో యజమానులందరికీ రెండు పూటలా ఫోన్లో ఫొటో పంపితే చాలు. నీకోసం సందు చివర స్టూడియోకి వెళ్ళాను. పెళ్ళి ఫొటోలా అని అడిగాడాయన. పిల్లి ఫొటోలండీ అంటే ఒకసారి నన్నూ ఒకసారి ఫోన్లో పిల్లినీ చూసి, ముఖం పోల్చుకుంటున్నవాడిలా తల ఊపాడు.

ఈ పని నేను సరదాకి చెయ్యటం లేదని నీకొక్కదానికే తెలుసు. బీమా ఆఫీసు మానేశానని నాన్న నాతో మాట్లాడి ఐదు నెలలు. హెడ్మాస్టరుగారి కూతురు పిల్లుల ఆయా అయిందని వీధిలో వాళ్ళకి ఆయనే చెప్పుకుంటున్నాడు. నెల తిరిగాక నువ్వొక్క మాట చెప్పు, "అది చేసేది పనే, బాగా చేస్తుంది" అని. మీ అన్నయ్య నీ మాట తప్ప ఎవరి మాటా వినడు. నీదీ వినడనుకో, కనీసం విన్నట్టు కూర్చుంటాడు.

మూడు ఫొటోలు పెట్టాను. తప్పులు పట్టుకో.

నీ మేనకోడలు


జూన్ 7, ఆదివారం

పిల్లా,

కవరు శుక్రవారమే చేరింది. స్టాంపు వంకరగా అంటించావు.

తప్పులు పట్టుకోమన్నావు కాబట్టి చెబుతున్నాను. ఒకటో ఫొటో, కిటికీ గట్టు మీద పార్సిలు. వెనక "ఎండ కాచుకుంటోంది" అని రాశావు. ఎండ నాకు కనిపిస్తూనే ఉంది తల్లీ. రెండోది ఖాళీ గిన్నె. వెనక "అంతా తినేసింది". మరి గిన్నె ఖాళీగా ఉంటే పక్కింటివాళ్ళు తిన్నారనుకుంటానా? మూడోదాంట్లో నీ ఒళ్ళో ఉంది, అది బాగుంది, కర్టెన్లు ఉతకాలి. కనపడనిది రాయమంటే కనపడేదే రాస్తావు. కవరు మీది చిరునామా చదవడం అందరికీ వచ్చు. లోపలేముందో చెప్పేవాళ్ళు కావాలి.

నేనిక్కడ బాగానే ఉన్నాను. చెప్పాను కదా, నాతో పనిచేసినవాళ్ళ ఇల్లు. అద్దింటి నుంచి సొంతింట్లోకి మారారు, సర్దడానికో చెయ్యి కావాలి. పప్పుల డబ్బాలు పుస్తకాల అలమరలో, పుస్తకాలు వంటింట్లో. ఇంటి వెనక చిన్న తోట ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఏదో గుర్తొచ్చి లోపలికొచ్చేస్తున్నాను.

మీ నాన్న సంగతి నాకొదిలెయ్. మా అన్నయ్యకి తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగో కాలు నేను చూపిస్తాను.

ఒక్క మాట. పార్సిలు నాకోసం వెతుకుతోందా? ఊరికే అడుగుతున్నాను.

అత్త


జూన్ 10, బుధవారం

అత్తా,

వెతకడమా! నీ పిల్లి నిన్ను పూర్తిగా మర్చిపోయింది. నీ పేరెత్తితే చెవి కూడా కదపటం లేదు. ఎంత చాకిరీ చేసినా ఇంతే అని దానికి నీ తరఫున చీవాట్లు పెట్టాను, గట్టిగా కాదులే.

మొన్న శనివారం స్టూడియో మూసి ఉంది, కవరు తప్పింది. ఇవాళ నాలుగు ఫొటోలు చూడు. ఉతికిన కర్టెన్ల మధ్య దాగుడుమూతలు. నీ కుట్టుమిషను మీద మహారాణిలా కొలువు. స్టూడియో ఆయన ఉచితంగా కాస్త పెద్దదిగా వేసిన ఫొటో ఒకటి, తన షాపు గోడకి కూడా ఒకటి పెట్టుకుంటానన్నాడు. నాలుగోది మాత్రం జాగ్రత్తగా చూసుకో, నా మెడ మీద తల పెట్టి నిద్రపోతోంది. నాలుగేళ్ళలో నీ మెడ మీద ఎప్పుడైనా పడుకుందా?

పళ్ళ డాక్టరమ్మ నా గురించి ఇంకో ముగ్గురికి చెప్పిందట. "వేరేవాళ్ళు పంపే ఫొటోలు చూస్తే పిల్లి జైల్లో ఉన్నట్టుంటుంది, నీ ఫొటోలు చూస్తే నాకు ఊరి నుంచి రాబుద్ధి కాదు" అందిట. ఇది నాన్నకి చెప్పు. ఈ ముక్క యథాతథంగా చెప్పు.

శనివారం ఇంకో నాలుగు పంపుతాను.

నీ మేనకోడలు


జూన్ 16, మంగళవారం

బంగారూ,

రెండు కవర్లూ అందాయి. పదకొండు ఫొటోలూ ఇక్కడ బల్ల మీద వరసగా పేర్చుకుని కూర్చున్నాను. రెండు రోజులుగా అదే పని. ఒక్కదాంట్లో కూడా అది గుమ్మం వైపు చూడటం లేదు. నాకు చాలా పెద్ద బరువు దించావు.

ఇప్పుడు చెప్పేది నిలబడి చదువుతుంటే కూర్చో. నేను పెళ్ళి చేసుకుంటున్నాను.

ఇది ఆయన ఇల్లు. పార్సిళ్ళు తూచే కౌంటర్లో నా పక్కన పదిహేనేళ్ళు కూర్చున్న మనిషి. తూకంగారు అనేవాళ్ళం. ఆరేళ్ళ కిందట బదిలీ మీద ఈ ఊరొచ్చాడు. అప్పటి నుంచి నెలకో ఉత్తరం రాస్తాడు, నేనూ రాస్తాను. మాటలు తూచినట్టు రాస్తాడు, ఎక్కువా ఉండవు, తక్కువా ఉండవు. మీ మామయ్య పోయి పందొమ్మిదేళ్ళు. ఇన్నాళ్ళూ "పాపం, ఒంటరిది" అని నన్ను తలచుకుని ఎవరికి వాళ్ళు సుఖంగా నిద్రపోయారు. ఇక ఆ జాలి ఇంకెవరి మీదైనా పడనీ. అరవై ఒక్కేళ్ళకి పెళ్ళేమిటని నవ్వుతారు. నవ్వనీ. నవ్వితే వాళ్ళ పళ్ళే బయటపడతాయి, నాకేం పోయింది?

ఒక్కటే ముల్లు. ఆయనకి పిల్లులు పడవు. ఒకసారి ఆఫీసు గోదాములో పిల్లి తిరిగిందని సాయంత్రం దాకా తుమ్మాడు, ముక్కు టమాటా పండులా అయింది. ఎలాగా అని ఇన్నాళ్ళూ తెగ మథనపడ్డాను. అందుకే అడిగాను, వెతుకుతోందా అని. నీ ఫొటోలు చూశాక తేలిపోయింది. అది నీ దగ్గర నాకంటే సుఖంగా ఉంది. పార్సిలుని నువ్వే ఉంచుకో. ఇల్లూ నువ్వే వాడుకో.

మీ నాన్నకి ఇవాళే రాస్తున్నాను. అనుమతి అడగటానికి కాదు, తెలియజేయటానికి.

నీ అత్త


జూన్ 19, శుక్రవారం

అత్తా,

రేపు శనివారం దాకా ఆగలేను.

ముందు మంచి మాట. పెళ్ళి చేసుకో! ఇవాళే చేసుకో. సాక్షి సంతకానికి నేనొస్తాను, నా సంతకం అందంగా ఉంటుంది కూడా. "పాపం, ఒంటరిది" అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను, సిగ్గుపడుతున్నాను.

ఇక రెండోది. పార్సిలుని నేనుంచుకోను. కుదరదు. ఊరెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేదాకా పిల్లిని చూసుకోవటం నా పని. తిరిగిరానివాళ్ళ పిల్లుల్ని దాచుకోవటం నా పని కాదు. నాకది ముద్దొస్తుంది, రోజూ మెడ మీదే పడుకుంటుంది, అయినా కుదరదు. ఎందుకో చెబితే నన్ను తిడతావు. తిట్టు.

ప్రతి సాయంత్రం అయిదున్నర దాటగానే అది ఎక్కడున్నా లేచి గుమ్మం ముందుకొచ్చి కూర్చుంటుంది. ఎదురుగా చేప పెట్టినా తల తిప్పదు. నువ్వు రిటైరయ్యాక కూడా అలవాటు మానలేక రోజూ ఊళ్ళో అలా తిరిగొచ్చి అయిదూ నలభై బస్సే దిగుతావు కదా, ఆ బస్సు కోసం. బస్సు ఆగి, వెళ్ళిపోయి, మెట్ల మీద చప్పుడంతా ఆగిపోయాక ఇంకో పది నిమిషాలు కూర్చుని, అప్పుడు లేచి వెళ్ళి నీ కుర్చీ కింద దూరుతుంది. నువ్వు వెళ్ళిన మర్నాటి నుంచీ ఇదే. నేను రోజూ ఫొటో తీస్తూనే ఉన్నాను. నీకొక్కటీ పంపలేదు.

మా పనిలో మొదటి పాఠం అది. యజమానికి దిగులు పుట్టించే ఫొటో పంపకూడదు, ఊరెళ్ళినవాళ్ళని ఊరికే కంగారు పెట్టకూడదు. అది సగం నిజం. రెండో సగం, నువ్వు నాన్నకి చెప్పబోయే మంచి మాట మీద నాకు ఆశ. అందుకని నువ్వడిగితే కూడా మర్చిపోయిందని జోకులేశాను. కనపడనిది రాయమన్నావు, నేను కనపడకుండా చేశాను.

ఒకటి పెడుతున్నాను. నిన్నటిది. వచ్చి దానికి నువ్వే చెప్పు, ఇక రానని.

నీ మేనకోడలు


జూన్ 23, మంగళవారం

మేనకోడలికి,

నీ కవరూ మీ నాన్న కవరూ ఒకే రోజు, ఒకే పోస్టుమాన్ చేతి మీదుగా వచ్చాయి. వాటిని విడగొట్టడం నాకు తెలియదనుకున్నారా?

మీ నాన్న ఏం రాశాడో తెలుసా? "పరువూ ఇల్లూ ఎలాగూ వదిలేశావు, నోరులేని జీవాన్ని కూడా గాలికొదిలేశావు. వెంటనే తిరిగిరా." నువ్వేం రాశావు? "వచ్చి నువ్వే చెప్పు." అన్న పరువు అంటాడు, మేనకోడలు పిల్లి అంటుంది, ఇద్దరి ఉత్తరాల్లో చివరి మాట ఒకటే, తిరిగిరా! ఐదు నెలలు మాట్లాడని తండ్రితో నీకు ఇంత మంచి రాజీ కుదిరినందుకు నాకు సంతోషంగానే ఉంది. నన్ను అడ్డం పెట్టుకుని కుదుర్చుకున్నారు, అదొక్కటే బాధ.

గుమ్మం ముందు పిల్లి కూర్చున్న ఫొటో ఎవరైనా తీయొచ్చు. తలుపవతల చేపముక్క పెడితే చాలు. పద్దెనిమిది రోజులు మర్చిపోయిన పిల్లికి నా పెళ్ళి మాట వినగానే జ్ఞాపకం వచ్చిందా? ఈ ఫొటో వెనక కూడా ఏమీ రాయలేదు నువ్వు. తిప్పి పంపుతున్నాను.

నేను రాను. మీ ఇద్దరికీ కలిపి ఇదే జవాబు.

అత్త


జూన్ 26, శుక్రవారం

అత్తా,

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. నిన్నెవరు పెళ్ళి మానమన్నారు? నా ఉత్తరం మళ్ళీ చదువు, మొదటి పేరాలో పెళ్ళి చేసుకోమనే ఉంది. కోపంలో పేరా దాటేశావు.

నాన్నకి పిల్లి సంగతి ఎలా తెలుస్తుంది? నువ్వే రాసుంటావు, "పిల్లిని నీ కూతురికిచ్చేశాను" అని. గుర్తు తెచ్చుకో. రాజీ కూడానా! నిన్న ఆయన్ని కూరగాయల కొట్టు దగ్గర చూశాను. నన్ను చూసి వంకాయలు ఏరుతున్నట్టు నటించాడు. ఆయన జన్మలో వంకాయ తినలేదు.

చేపముక్క అన్నావు చూడు, అది మాత్రం బాగా గుచ్చుకుంది. నా పని మీద ఎవరేమన్నా పడతాను గానీ దొంగ ఫొటో అంటే పడను. ఇరవై అయిదు పంపుతున్నాను. జూన్ ఒకటి నుంచి నిన్నటి దాకా, రోజుకొకటి. అన్నిట్లో తలుపు పక్క నీ గోడ గడియారం పడేలా తీశాను. "అన్నీ ఒకటే కదమ్మా, ఒకటేస్తే చాలదా?" అన్నాడు స్టూడియో ఆయన. అన్నీ ఒకటే కావటమే కావాలని చెప్పాను. ఈసారి వెనక రాశాను. నీ తొమ్మిదో ఆజ్ఞ ప్రకారమే రాశాను. కొన్ని ఇక్కడ కూడా దించుతున్నాను, కోపంతో ఫొటోలు తిప్పి చూడవేమోనని.

జూన్ 1, 5:37. తలుపు దగ్గర పాడు చేస్తుందేమోనని కంగారుపడి తీశాను. దేనికోసమో నాకింకా తెలియదు.

జూన్ 4, 5:40. వాన. బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యం. అదీ ఇరవై నిమిషాలు ఎక్కువ కూర్చుంది.

జూన్ 9, 5:41. బస్సు దిగింది పైవాటా టైలరమ్మ. మెట్ల మీద చెప్పుల చప్పుడుకి లేచి తోక నిలబెట్టింది. చప్పుడు పైకెళ్ళిపోయింది. మళ్ళీ కూర్చుంది.

జూన్ 10, 5:39. నీ పిల్లి నిన్ను మర్చిపోయిందని ఇవాళ పొద్దున్నే రాసి పోస్టు చేశాను.

జూన్ 16, 5:38. ఇదే రోజు నువ్వక్కడ కూర్చుని, ఒక్కదాంట్లో కూడా గుమ్మం వైపు చూడటం లేదని రాస్తున్నావు.

ఒక్కటడుగుతాను. పిల్లి వద్దని ఆయనన్నాడా? నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆయన తుమ్ముతాడని ఉంది, వద్దన్నాడని ఎక్కడా లేదు. మన ఇంట్లో అందరికీ ఇదే జబ్బు. నాన్న నన్నడక్కుండా నా జీవితం పాడయిందని తేల్చేశాడు. నేను నిన్నడక్కుండా నీకేది చూపించాలో తేల్చేశాను. నువ్వు ఆయన్ని అడిగావా?

నన్ను నమ్మకపోతే పోనీ. నాన్నకి నా గురించి ఒక్క మాటా చెప్పకు, నాకక్కర్లేదు. నా పని మంచిదో కాదో నాకు తెలుసు. కానీ దాన్ని నమ్ము. దానికి అబద్ధమాడటం రాదు.

పిల్లుల ఆయా


జూన్ 30, మంగళవారం

నా తల్లీ,

నువ్వన్నది నిజం. మీ నాన్నకి పిల్లి సంగతి రాసింది నేనే. ఆ ఉత్తరం ఎంత ఆవేశంగా రాశానంటే అందులో ఏముందో నాకే గుర్తు లేదు. నిన్నన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. పోస్టులో వేసింది వెనక్కి రాదని ఎందరికో నేనే చెప్పాను, అయినా తీసుకుంటున్నాను.

ఇక అసలు సంగతి. నవ్వకు. ఆయన పిల్లి వద్దనలేదు. నాకు పిల్లి ఉందని ఆయనకి తెలియదు. అది వచ్చిన ఈ నాలుగేళ్ళలోనూ నెలకో ఉత్తరం రాశాను, ఒక్కదాంట్లోనూ దాని మాట రాయలేదు. అది చిరిగిన పార్సిలు సంచీలో దొరికిన రోజు రాద్దామనుకున్నాను, తుమ్ములు గుర్తొచ్చి ఆగాను. తర్వాత ఇన్నాళ్ళు దాచి ఇప్పుడెలా చెప్పనని ఆగాను. నీ ఫొటోలు కూడా "మా మేనకోడలి పిల్లి" అని చెప్పే బల్ల మీద పేర్చుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అంటారు. అన్యాయంగా పిల్లినంటారు.

ఇరవై అయిదూ పరిచాను. ఒకటి తిప్పి చదివాను, రెండోది చదివాను, పదహారో తారీఖుది చదివాక ఇక చదవలేకపోయాను. గట్టిగా ఏడ్చాను. ఆయన టీ తీసుకొచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఈ పిల్లి ఎవరికోసం కూర్చుంది?" అన్నాడు.

"నాకోసం. అది నాదే" అన్నాను.

కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, వెనకా ముందూ చూసి, తారీఖుల వరసలో పెట్టాడు. పార్సిళ్ళు చూసినట్టే చూశాడు. నేనీలోపు నడుం బిగించుకుంటున్నాను. పిల్లి లేకుండా నేను లేనని, ఇష్టం లేకపోతే రేపే బస్సెక్కుతానని, ఎవరి కోసం ఎవర్నీ వదులుకునే వయసు దాటిపోయిందని, పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"మీరు తుమ్ముతారని."

"తుమ్మితే?" అన్నాడు. "తుమ్ముతాను. అందుకని నెల రోజులు దాన్ని గుమ్మంలో కూర్చోబెడతావా?"

మొట్టమొదటిసారి నా మీద కోపం తెచ్చుకున్నాడు. నా ఉపన్యాసం నోట్లోనే ఉండిపోయింది. మందు వాడతానన్నాడు, పడకగదిలోకి మాత్రం రానివ్వొద్దన్నాడు. పడకగది దానిదే, మీకే ఇంకో చోటు చూడాలన్నాను. అది ఇంకా తేలలేదు. నేను తగ్గేది లేదు.

శనివారం ఇద్దరం వస్తున్నాం, అయిదూ నలభై బస్సుకి. దాన్ని తీసుకెళ్ళటానికి ఆయన బుట్ట కొన్నాడు, ఆ బుట్టలో నన్ను కూడా పెట్టేంత ఉంది. నువ్వు బస్టాపుకి రాకు. దానికి ముందుగా చెప్పకు. లోపల నిలబడి ఫొటో తియ్యి, గడియారం పడేలా. ఒకటి నాకు, ఒకటి మీ నాన్నకి పంపు. పెళ్ళి శుభలేఖ ఆయనకి అదే.

మీ నాన్నకి నేనూ ఒక ముక్క రాశాను. "నీ కూతురు నా దగ్గర ఒకటి దాచింది, తర్వాత నేను తిట్టినా తిప్పి పంపినా ఇరవై అయిదూ నా ముందు పెట్టింది. మన ఇంట్లో అంత ధైర్యం ఇంకెవరికీ లేదు, నీకూ లేదు, నాకూ లేదు." ఈసారైనా వింటాడో, విన్నట్టు కూర్చుంటాడో.

అత్త


జూలై 8, బుధవారం

అత్తా, ఈ కవర్లో ఉత్తరం లేదు, ఫొటో ఒక్కటే. రాయాల్సింది దాని వెనకే రాస్తున్నాను.

జూలై 4, శనివారం, 5:41. ఫొటో చెడిపోయిందమ్మా, వెయ్యనా వద్దా అన్నాడు స్టూడియో ఆయన. వెయ్యమన్నాను. గుమ్మంలో నువ్వు, సంచీ భుజానుంచి జారిపోతోంది. నీ వెనక రెండు మెట్లు కింద, అంత బుట్ట ఒక చేతిలో, చేతిరుమాలు ముక్కు మీద, మామయ్య. మీ ఇద్దరూ గడియారమూ స్పష్టంగా ఉన్నారు. మధ్యలో బూడిదరంగు చార ఒకటి అడ్డంగా పోయింది, అదే పార్సిలు. ముప్ఫై మూడు ఫొటోల్లో కదలకుండా కూర్చున్న పిల్లి ఇందులో కెమెరాకి దొరకలేదు.

కనపడనిది: తీసింది నేనే గనుక నేను ఇందులో లేను. వెక్కి వెక్కి ఏడుస్తున్నాను, చెయ్యి మాత్రం కదల్లేదు.

ఇకనుంచి ఫొటోలు పంపాల్సింది నువ్వు. బుధవారం, శనివారం. అచ్చు వేయించి.

నాన్నకి ఒకటి పోస్టు చేశాను. దాని వెనక తారీఖు, వేళ రాసి, కింద సంతకం పెట్టాను: పిల్లుల ఆయా.